మన మహిళల హాకీ జట్టును మీరు ఇంకా ఎలా చూడగలుగుతున్నారు?

ప్రశ్న అడిగినవారు: రైట్‌వింగ్

2025 సెప్టెంబరులో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా కప్ ఫైనల్‌లో ఆట మొదలైన తొలి నిమిషంలోనే నవ్‌నీత్ కౌర్ గోల్ చేసి చైనాపై మనకు ఆధిక్యం తెచ్చింది. ఆ మ్యాచ్‌ను మనం 1-4తో ఓడిపోయాం. గెలిచి ఉంటే 2026 ప్రపంచకప్‌కు నేరుగా అర్హత దక్కేది. ఓడినందువల్ల 2026 మార్చిలో హైదరాబాద్‌లో జరిగే క్వాలిఫయింగ్ టోర్నీ దారిన వెళ్లక తప్పడం లేదు. నెలలు గడిచినా ఆ మొదటి నిమిషం నా మనసులోంచి పోవడం లేదు, ఎందుకంటే ఆ మ్యాచ్‌లో నేను నిండు మనసుతో చూడగలిగింది దాదాపు ఆ నిమిషమే.

ఆదివారం కావడంతో ఆ సాయంత్రం నాదే అనుకున్నాను. కానీ ఆట కాస్త సాగేసరికి ఆఫీసు నుంచి అత్యవసరమంటూ వీడియో కాల్ వచ్చింది. ల్యాప్‌టాప్‌లో కాల్ నడుస్తుంటే, దాని అంచుకు ఆనించిన ఫోన్‌లో శబ్దం తీసేసిన మ్యాచ్ నడిచింది. ప్రత్యక్ష ప్రసారం అసలు ఆటకంటే కొంత వెనకబడి వస్తుంది, స్కోరు చెప్పే యాప్‌కు మాత్రం ఆ ఆలస్యం ఉండదు. తెర మీద మన డిఫెండర్లు ఇంకా నింపాదిగా బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఉండగానే, ఆ బొమ్మ పైభాగంలో చైనా స్కోరు సమం చేసిందన్న నోటిఫికేషన్ వచ్చి కూర్చుంది. ఆ గోల్ తెర మీదికి ఎప్పుడు వస్తుందా అని, ముందే తెలిసిపోయిన దుర్వార్త కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆట చూడడంలో ఉండే ఆశ, భయం రెండూ ఆ క్షణంలో నా నుంచి లాక్కున్నట్టు అనిపించింది.

జట్టు సంగతి మీకు చెప్పనక్కరలేదు. టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాను 1-0తో ఇంటికి పంపి, చివరికి నాలుగో స్థానంలో నిలిచిన జట్టు, మూడేళ్లు తిరగకుండానే పారిస్‌కు అర్హత సాధించలేకపోయింది. 2024 జనవరిలో రాంచీలో, సొంత ప్రేక్షకుల ముందు, మొదట అమెరికా చేతిలో 0-1తోనూ, సెమీఫైనల్‌లో జర్మనీ చేతిలో షూటౌట్‌లోనూ, చివరి అవకాశంగా మిగిలిన మ్యాచ్‌లో జపాన్ చేతిలో 0-1తోనూ ఓడింది. 2025 జూన్‌లో, మేటి దేశాల జట్లు ఆడే ప్రొ లీగ్ కోసం యూరప్ వెళ్లి ఆడిన ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు. పట్టికలో అట్టడుగున నిలిచి, ఆ లీగ్ నుంచి దాని కింది మెట్టైన నేషన్స్ కప్ స్థాయికి దిగిపోయింది.

ఆ జూన్ మ్యాచ్‌లను కూడా నేను ముక్కలు ముక్కలుగానే చూశాను. కొన్నింటికి ప్రయాణంలో సిగ్నల్ అందలేదు, కొన్ని వేళలు పనికి అడ్డు వచ్చాయి, మరికొన్నింటికి ఫలితం ముందే తెలిసిపోయింది. మర్నాడు నా ఫోన్‌లోకి వచ్చేవి అరనిమిషం క్లిప్పులు, వాటి కింద క్రీడాకారిణుల మీద రాయలేని మాటలు. హాకీ గురించి మాట్లాడదామంటే ఎదుటి మనిషికి స్కోరు తెలుసు గానీ ఆట తెలియదు. కొన్నిసార్లు నా పరిస్థితీ అంతే.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. నాలో పేరుకున్న ఈ చిరాకులో జట్టు వల్ల కలిగినది ఎంత, గంటసేపు కూడా ఒక పనిమీద కుదురుగా కూర్చోనివ్వని ఈ జీవనవిధానం వల్ల కలిగినది ఎంత అన్నది విడదీసి చూసుకోలేకపోతున్నాను. ఈ జట్టును వదలకుండా చూస్తున్నవారు ఎలా చూస్తున్నారు? ఏం చూస్తున్నారు?


సమాధానం: పాత లెఫ్ట్‌హాఫ్

రైట్‌వింగ్ గారూ, మీ ప్రశ్నలోని చివరి రెండు మాటలకే నేను సమాధానం చెప్పగలను. విశ్వవిద్యాలయ స్థాయి వరకు హాఫ్‌లైన్‌లో, అంటే మధ్యవరుసలో, ఆడినవాడిని. స్కోరుబోర్డు చెప్పే కథకూ మైదానంలో జరిగేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో కాళ్లతో తెలుసుకున్నాను కనుక నాకు తోచింది రాస్తున్నాను.

మీరు ప్రస్తావించిన ఆ ఎనిమిది మ్యాచ్‌ల స్కోర్లను ఒకసారి విడివిడిగా చూడండి. ఆస్ట్రేలియాతో 2-3, 1-2. అర్జెంటీనాతో 1-4, ఆ తరువాత 2-2 అయి షూటౌట్‌లో ఓటమి. బెల్జియంతో 1-5, 1-2. చైనాతో 0-3, 2-3. అంటే నాలుగు మ్యాచ్‌లు ఒకే ఒక్క గోల్ తేడాతో పోయాయి, ఒకటి షూటౌట్‌లో పోయింది. చిత్తుగా ఓడినవి మూడు. ఎనిమిది మ్యాచ్‌లలో గెలుపు లేదన్న వాక్యం నిజమే గానీ, పట్టు తప్పిన జట్టు గురించి అది ఇచ్చే బొమ్మ మాత్రం నిజం కాదు. ప్రపంచంలోని మేటి జట్లతో చివరిదాకా సమానంగా నిలబడి, తేల్చుకోవలసిన చోట తేల్చుకోలేకపోతున్న జట్టు ఇది. ఆ రెండింటికీ మందులు వేరు, అభిమానిగా పడవలసిన బాధా వేరు.

ఆ తేల్చుకోవలసిన చోటు ఎక్కువసార్లు పెనాల్టీ కార్నరే. క్లిప్పులో మీకు కనిపించేది చివరి కొట్టుడు ఒక్కటే. దానికి ముందు జరిగేదాన్ని కాస్త దగ్గరగా చూడండి. గోల్‌పోస్టుకు కనీసం 10 మీటర్ల దూరాన, బ్యాక్‌లైన్ మీద నుంచి ఒక అమ్మాయి బంతిని బయటికి తోస్తుంది. ఆ బంతి గోల్ ముందు గీసి ఉండే సర్కిల్ దాటిన తరువాతే గోల్ ప్రయత్నం చెల్లుతుంది. సర్కిల్ అంచున ఒకరు దాన్ని కదలకుండా ఆపాలి, మరొకరు స్టిక్ వంపులోకి తీసుకుని ఈడ్చి విసరాలి, దాన్నే డ్రాగ్ ఫ్లిక్ అంటారు. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు డిఫెండర్లే గోల్‌లైన్ వెనుక ఉంటారు, మిగిలినవాళ్లు మధ్యగీత అవతల నిలబడాలి. బంతి కదిలిన మరుక్షణం ఆ ఐదుగురిలో ఒకరు ఫ్లిక్ చేసే మనిషి మీదికి ప్రాణాలకు తెగించి పరుగెత్తుకొస్తారు. తొలి షాట్ హిట్ అయితే గోల్‌లైన్ దాటేటప్పుడు బంతి 460 మిల్లీమీటర్ల ఎత్తుకు, అంటే గోల్ వెనుక ఉండే పలక ఎత్తుకు, మించకూడదు. డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు, గోల్ పై మూలల దాకా విసరవచ్చు. మంచి డ్రాగ్ ఫ్లిక్కర్ లేని జట్టుకు పెనాల్టీ కార్నర్ దొరికినా సగం గోల్ మూసుకుపోయినట్టే. తోసే చేయి, ఆపే స్టిక్, విసిరే నడుము, ఈ మూడింటిలో ఏ ఒక్కటి రెప్పపాటు ఆలస్యమైనా మొత్తం వృథా.

టోక్యోలో ఆస్ట్రేలియాపై మనల్ని గెలిపించిన ఆ ఒక్క గోల్ గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్‌లో చేసినదే. బ్రిటన్‌తో జరిగిన కాంస్య పతక పోరులో మనం 0-2తో వెనకబడి ఉన్నప్పుడు 25, 26 నిమిషాల్లో వరుసగా రెండు గోల్స్ కొట్టి నిలబెట్టింది కూడా ఆమే. ఆ తరువాత ఆ భారం దీపిక మీద పడింది. 2024 నవంబరులో రాజ్‌గిర్‌లో మనం ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆమె 11 గోల్స్‌తో టోర్నీలో అందరికంటే ముందు నిలిచింది. ఫైనల్‌లో చైనాపై ఏకైక గోల్ కూడా ఆమెదే. మీరు కాల్‌లో ఉండి చూసిన హాంగ్‌ఝౌ ఫైనల్‌లో ఆ దీపిక గాయం వల్ల లేదు, గోల్‌కీపర్ సవిత కూడా గాయంతోనే దూరమైంది. ఎదురుగా ఉన్నది పారిస్‌లో రజతం గెలిచిన జట్టు. దానికి తోడు, మాజీ కెప్టెన్ రాణి రాంపాల్ 2024 అక్టోబరులోనూ, 320 మ్యాచ్‌లలో 158 గోల్స్ చేసిన వందన కటారియా 2025 ఏప్రిల్‌లోనూ ఆట నుంచి తప్పుకున్నారు. ఇవేవీ ఓటమిని గెలుపుగా మార్చవు. కానీ ఇవి తెలిసి చూసే మనిషికి బాధ కలుగుతుందే గానీ చిరాకు అంతగా కలగదన్నది నా అనుభవం.

ఇక ఎలా చూడాలన్నది. బంతిని వదిలేసి చూడండి. ఒక్కో క్వార్టర్ 15 నిమిషాలు. ఆ 15 నిమిషాలు ఒక్క క్రీడాకారిణినే ఎంచుకుని, బంతి ఆమె దగ్గర లేనప్పుడు ఆమె ఏం చేస్తున్నదో చూడండి. నేను సలీమా టెటెను అలా చూస్తాను. బంతి మన చేతిలోంచి జారిన క్షణంలో ఆమె ముందుకు వెళ్లే పరుగును ఆపి, వెనక్కి తిరిగి, ఎదుటివాళ్ల పాస్ వెళ్లబోయే దారిలోకి ఎలా చేరుతుందో ఏ క్లిప్పూ చూపించదు, ఏ నోటిఫికేషనూ చెప్పదు. ఒక్క క్వార్టర్ ఇలా చూసినా, తెగిపోయిన సంబంధం తిరిగి అతుక్కుంటుంది. మ్యాచ్ మొత్తానికి తీరిక దొరకకపోతే, నాలుగు క్వార్టర్లనూ తలా రెండేసి నిమిషాలు చూసేకంటే ఒక్క క్వార్టర్‌ను నిండుగా చూడడమే మేలని నా గట్టి అభిప్రాయం.


సమాధానం: నాలుగో క్వార్టర్

లెఫ్ట్‌హాఫ్ గారు ఆట గురించి చెప్పినదాన్ని నేను కాదనను. కానీ బాధ్యత మొత్తాన్ని చూసేవాడి ఓపిక మీదికి నెట్టడం న్యాయం అనిపించుకోదు. అభిమాని ఇంకా శ్రద్ధగా చూడాలి, ఇంకా అర్థం చేసుకోవాలి అని ఎంతకాలం చెబుతాం? రైట్‌వింగ్ గారి కోపంలో సగానికి పైగా సరైన చోటే ఉంది.

కోచ్‌ల సంగతి చూడండి. టోక్యోలో నాలుగో స్థానానికి తీసుకెళ్లిన జోర్డ్ మరీన్ ఆ ఒలింపిక్స్‌తోనే వెళ్లిపోయాడు. తరువాత వచ్చిన యానెక్ షాప్‌మన్ పారిస్ అర్హత చేజారాక 2024 ఫిబ్రవరిలో తప్పుకుంది. హరేంద్ర సింగ్ వచ్చాడు, 2025 డిసెంబరులో ఆయనా వెళ్లిపోయాడు. 2026 మార్చి క్వాలిఫయర్ ముంగిట మళ్లీ మరీన్‌నే పిలిచారు. ఒక్కో కోచ్ ప్రెస్ చేయించే తీరు, అంటే బంతి ఉన్న ఎదుటివాళ్ల మీదికి వెళ్లి ఒత్తిడి పెట్టించే తీరు వేరు, పెనాల్టీ కార్నర్‌ను కాచే తీరు వేరు. 20 ఏళ్లు దాటీదాటని అమ్మాయిలు ఒక పద్ధతిని ఒంట పట్టించుకునేలోపు దాన్ని మరిచిపొమ్మంటే, దగ్గరి మ్యాచ్‌లలో చివరి ఐదు నిమిషాల తడబాటు ఎక్కడినుంచి వస్తుందో వేరే చెప్పాలా?

లీగ్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. పురుషులకు హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలైంది. మధ్యలో ఏళ్ల తరబడి ఆగిపోయినా, మళ్లీ మొదలైంది. మహిళలకు తొలి లీగ్ జరిగింది 2025 జనవరిలో, అదీ నాలుగంటే నాలుగు జట్లతో. ఫైనల్‌లో సూర్మా క్లబ్‌పై 2-1తో నెగ్గి ఒడిశా వారియర్స్ ఆ తొలి టైటిల్ గెలుచుకుంది. విదేశీ క్రీడాకారిణులతో ఒకే జట్టులో కలిసి ఆడే అవకాశం పురుషులకు దొరికిన 12 ఏళ్లకు గానీ వీళ్లకు దొరకలేదు. టోక్యోలో ఆ జట్టు అంతదూరం వెళ్లిన వెంటనే ఆ లీగ్ పెట్టి ఉంటే, రాంచీలో జపాన్‌తో ఆడిన జట్టుకు వెనుక మరో 20 మంది సిద్ధంగా ఉండేవారని నేను నమ్ముతున్నాను.

ప్రొ లీగ్ నుంచి దిగిపోవడాన్ని కూడా పట్టికలో ఒక మెట్టు జారడంగా చూడకూడదు. 2022 డిసెంబరులో వాలెన్సియాలో స్పెయిన్‌ను 1-0తో ఓడించి, తొలి నేషన్స్ కప్ గెలిచి మరీ సంపాదించుకున్న చోటు అది. దాన్ని పోగొట్టుకున్నామంటే నెదర్లాండ్స్, అర్జెంటీనా, బెల్జియం లాంటి జట్లతో ఏడాది పొడవునా ఆడే మ్యాచ్‌లు పోగొట్టుకున్నట్టు. బలవంతులతో ఆడకుండా బలవంతులను ఓడించడం ఎవరికీ చేతకాదు.

ప్రసారం గురించి మీరు రాసిన ప్రతి అక్షరం నాదీ. ఏ మ్యాచ్ ఏ ఛానెల్లో, ఏ యాప్‌లో, ఎన్ని గంటలకు వస్తుందో వెతుక్కోవడానికే సగం ఉత్సాహం ఖర్చయిపోతుంది. క్రికెట్ అభిమాని ఎన్నడూ ఈ వెతుకులాట చేయనక్కరలేదు. దేశం తరఫున ఆడే జట్టు మ్యాచ్‌ను చూడాలనుకునేవాడికి అది సులువుగా కనిపించాలని కోరడం అత్యాశ కాదు.


సమాధానం: గ్యాలరీ

రైట్‌వింగ్ గారూ, ముందుగా స్కోరు యాప్ నోటిఫికేషన్లను ఆపేయండి. ప్రసారం ఆలస్యంగా వచ్చినా ఆ ఆలస్యం సంగతి మీకు తెలియకపోతే నష్టం లేదు. ప్రత్యక్షంగా చూడలేని రోజున ఫలితం తెలుసుకోకుండా ఉండి, తెల్లవారుజామున ఏ సందేశమూ తెరవకముందే పూర్తి మ్యాచ్ రికార్డింగు చూస్తాను. మ్యాచ్ ముగిసి గంటలు దాటినా, నాకు మాత్రం అది అప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. రాంచీలో జర్మనీతో జరిగిన సెమీఫైనల్‌ను అలాగే చూశాను. షూటౌట్ దాకా నా గుండె ఆగినంత పనైంది.


సమాధానం: పీఈటీ టీచర్

ఆడపిల్లలకు హాకీ నేర్పే వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పైన రైట్‌వింగ్ గారూ లెఫ్ట్‌హాఫ్ గారూ క్లిప్పులను తీసిపారేశారు కనుక ఒక మాట చెప్పాలనిపించింది.

2025 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ఒలింపిక్ విజేత నెదర్లాండ్స్‌తో మన జట్టు 2-2తో సమంగా నిలిచి షూటౌట్‌లో గెలిచింది. అందులో దీపిక ఒంటరిగా దూసుకెళ్లి చేసిన గోల్‌కు ఆ తరువాత అంతర్జాతీయ హాకీ సమాఖ్య మ్యాజిక్ స్కిల్ అవార్డు కూడా వచ్చింది. మా పిల్లలు ఆ గోల్ క్లిప్పును చూసిన తీరు మీరు చూసి ఉండవలసింది. ఒకే ఫోన్ చుట్టూ గుంపుగా మూగి, ఒక్కో డిఫెండర్‌ను దాటే చోట ఆపి, మణికట్టు ఎటు తిరిగిందో, బంతిని స్టిక్ ఎటువైపు నుంచి తప్పించిందో తమలో తాము వాదించుకున్నారు. ఒక పాప చెప్పులు పక్కన పెట్టి ఆ అడుగుల వరుసను అక్కడే వేసి చూపించింది. మ్యాచ్ మొత్తం చూసే వీలు వాళ్లకు లేదు. ఇంట్లో ఫోన్ ఒక్కటే, అది నాన్న జేబులో ఉంటుంది. అరనిమిషం క్లిప్పును అంతసేపు చూడగలిగినవాళ్లకు అది పాఠమే అవుతుంది. క్లిప్పు చిన్నదని కోప్పడడంకంటే, దాన్ని వేలితో తోసేసి తరువాతిదానికి పోయే మన అలవాటును తప్పు పట్టడం సబబని నా ఉద్దేశం.

లెఫ్ట్‌హాఫ్ గారు డ్రాగ్ ఫ్లిక్ గురించి చక్కగా రాశారు. అది మనకు ఎందుకు కొరతో కూడా చెప్పాలి. మా మైదానం మట్టిది. మట్టిలో బంతిని నేలకు ఆనించి ఈడ్చబోతే గులకరాయి తగిలి పైకి లేస్తుంది, లేదా స్టిక్ కొన నేలలో దిగబడుతుంది. తడిపిన సింథటిక్ టర్ఫ్ మీద మాత్రమే ఆ ఈడుపు నున్నగా సాగుతుంది. అంతర్జాతీయ హాకీ మొత్తం టర్ఫ్ మీదికి మారిపోయి దశాబ్దాలు గడిచినా, మన పిల్లల్లో చాలామంది టర్ఫ్ మీద తొలి అడుగు పెట్టేది ఏదైనా పెద్ద పోటీకి ఎంపికైన తరువాతే. అప్పటికి చేతి వాటం ముదిరిపోయి ఉంటుంది. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వం జాతీయ జట్లకు స్పాన్సర్‌గా నిలబడి, స్టేడియాలు కట్టి చేసిన పని ఎంత విలువైనదో ఈ మట్టిలో నిలబడితే తెలుస్తుంది. జార్ఖండ్, హర్యానా, ఒడిశా నుంచే ఎక్కువమంది ఎందుకు వస్తున్నారన్నదానికి జవాబు కూడా చాలావరకు అందులోనే ఉంది.

మన వైపు నుంచి వెళ్లినవారు తక్కువ కనుక ఆ ఉన్నవారి పేరు పిల్లలకు నేర్పుతాను. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన గోల్‌కీపర్ ఎతిమరపు రజని రియోకూ టోక్యోకూ రిజర్వ్‌గా వెళ్లింది. సవిత ముందు నిలిచి ఉండగా, ప్రతి ఉదయం అదే బరువైన ప్యాడ్లు కట్టుకుని, ఆడే అవకాశం వస్తుందో రాదో తెలియకుండానే ఏళ్ల తరబడి సాధన చేయడం ఎలాంటిదో గోల్‌లో నిలబడే మా పిల్లకు నేను చెబుతూ ఉంటాను.

చివరగా, మీరు రాసిన ఆ దూషణల సంగతి. టోక్యో సెమీఫైనల్‌లో అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడిన తరువాత వందన కటారియా ఊళ్లో, ఆమె ఇంటి ముందే టపాసులు కాల్చి, కులం పేరెత్తి ఆమె కుటుంబాన్ని దూషించారు. అదే ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికాపై ఆమె హ్యాట్రిక్ చేసింది, ఒలింపిక్స్‌లో భారత మహిళల హాకీలో అదే మొదటిది. ఆ దూషణ జరిగాక కూడా కాంస్య పోరులో దిగి మళ్లీ గోల్ చేసింది. ఆటలో లోపాన్ని ఎంత గట్టిగానైనా విమర్శించండి, నేనూ విమర్శిస్తాను. కానీ ఓడినవాళ్లను తిట్టే కామెంట్లను నా పిల్లలు కూడా చదువుతున్నారు. వాళ్లలో ఒకరు ఆ మధ్య నన్ను, ఓడితే మమ్మల్నీ ఇలాగే అంటారా టీచర్ అని అడిగింది. దానికి నా దగ్గర సమాధానం లేదు. అందువల్ల మీలాంటివారు ఆ కామెంట్ల కింద, ఆట తెలిసిన నాలుగు మాటలు రాయాలని కోరుతున్నాను. మంచి మాట అక్కడ కనిపించకపోతే చెడ్డ మాటే లోకం మాటగా పిల్లలకు వినిపిస్తుంది.


రైట్‌వింగ్ మళ్లీ రాసినది

అందరికీ కృతజ్ఞతలు. నోటిఫికేషన్లు ఈ రోజే ఆపేశాను. లెఫ్ట్‌హాఫ్ గారు రాసిన పద్ధతిలో నెదర్లాండ్స్‌తో జరిగిన ఆ భువనేశ్వర్ మ్యాచ్‌లో ఒక క్వార్టర్‌ను రికార్డింగులో చూశాను. సలీమా బంతి లేకుండా చేసే పనిని అంతసేపు చూడడం నాకు కొత్త. మొదట్లో కన్ను తనంతట తానే బంతి వైపు పారిపోతుంటే పదేపదే వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. క్వార్టర్ సగానికి గానీ కుదరలేదు.

నాలుగో క్వార్టర్ గారితో నేను ఏకీభవిస్తున్నాను. జట్టును నడిపేవాళ్ల మీద నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు. అయితే ఆ కోపం అమ్మాయిల ఆట మీదికి మళ్లకుండా చూసుకోగలనని ఇప్పుడు అనిపిస్తున్నది. టీచర్ గారు చెప్పినట్టు కామెంట్ల కింద రాయడం కూడా మొదలుపెడతాను.

మార్చిలో క్వాలిఫయర్ హైదరాబాద్‌లోనే కాబట్టి సెలవు ముందుగానే పెట్టి, మన మ్యాచ్‌లన్నీ స్టేడియంలోనే చూడాలని నిశ్చయించుకున్నాను. అక్కడ ఆలస్యంగా వచ్చే ప్రసారం ఉండదు, కాల్ వస్తే తీయవలసిన అవసరమూ పెట్టుకోను. లెఫ్ట్‌హాఫ్ గారూ, పెనాల్టీ కార్నర్‌ను మీరు వర్ణించినట్టు దగ్గరగా చూడాలంటే ఎక్కడ కూర్చోవాలి? మధ్యగీతకు ఎదురుగానా, గోల్ వెనుకా?


సమాధానం: పాత లెఫ్ట్‌హాఫ్

మ్యాచ్ మొత్తం జట్టు ఆకారాన్ని, ప్రెస్‌ను చూడాలంటే మధ్యగీతకు ఎదురుగా, వీలైనంత ఎత్తున కూర్చోవాలి. పెనాల్టీ కార్నర్ కోసమైతే గోల్ వెనుక, కాస్త పక్కకు, మూడు నాలుగు వరుసల పైన చోటు చూసుకోండి. అక్కడినుంచి చూస్తే గోల్‌లైన్ మీద ఐదుగురూ ఎవరెవరు ఎటు పరుగెత్తబోతున్నారో ముందే కనిపిస్తుంది, ఫ్లిక్కర్ కన్ను ఏ మూల మీద ఉందో కూడా కొన్నిసార్లు తెలిసిపోతుంది. మరీ గోల్ వెనుకనే కూర్చుంటే వల అడ్డు వస్తుంది. రెండో క్వార్టర్ తరువాత జట్లు వైపులు మారతాయి కనుక, మన దాడినే చూడదలిస్తే విరామంలో మీరూ అవతలి వైపునకు మారాలి. మన గోల్‌కీపర్ పనిని చూడాలనుకుంటే మాత్రం ఉన్నచోటే ఉండిపోండి. నేను మొదటి మ్యాచ్‌కు వస్తున్నాను, గోల్ వెనుక ఎడమవైపున ఉంటాను.